గుంత తవ్విందెవరు, నీళ్లు పోసిందెవరు?

మొక్కలు నాటే సభ ఎలా జరుగుతుందో దగ్గరుండి చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ముందురోజే ఉపాధి హామీ కూలీలు వచ్చి గుంతలు తీసి, ఎర్రమట్టిలో పశువుల ఎరువు కలిపి పక్కన కుప్పపోసి వెళ్తారు. తెల్లారేసరికి నర్సరీ నుంచి ట్రాలీ దిగుతుంది. అందులో మొక్కలన్నీ జానెడు, మూరెడు. ముఖ్య అతిథి నాటే మొక్క మాత్రం నిలువెత్తుది, దాన్ని విడిగా ఆటోలో తెస్తారు. గుంత చుట్టూ ముగ్గు, పక్కన పేరు చెక్కిన నల్ల గ్రానైటు పలక, పారకి కొత్త కర్ర, కర్రకి రిబ్బను. అతిథి నల్ల కవరు తియ్యకుండానే మొక్కను గుంతలో దించబోతాడు. తోటమాలి గబుక్కున అందుకుని బ్లేడుతో కవరు కోసి మళ్లీ చేతికిస్తాడు. మూడు పారల మట్టి, ఒక చెంబు నీళ్లు, చప్పట్లు. కార్లు వెళ్లిపోయాక మిగతా మొక్కల్ని ఆ కూలీలే పొద్దుగూకేదాకా నాటుతారు.

అలాంటి సభ ఒకటి నేను ఒక జిల్లా కేంద్రంలో చూశాను. వచ్చినాయన పేరున్న నటుడు. రెండేళ్ల తర్వాత వేరే పని మీద అటు వెళ్తే పలక అలాగే ఉంది, అక్షరాలు నిగనిగలాడుతున్నాయి. ట్రీగార్డు ఒక పక్కకు ఒరిగి ఉంది. అందులో వయ్యారిభామ నడుమెత్తు పెరిగింది. వాచ్‌మన్‌ని అడిగితే, "సారు నాటిందా? మొదటి ఎండాకాలమే పోయిందండీ. బోరు పనిచెయ్యలా" అన్నాడు. అందులో నటుడి తప్పేముంది? ఆయన్ని పిలిచారు, వచ్చాడు. కానీ ప్రముఖులూ పర్యావరణమూ అనగానే నాకు మొదట గుర్తొచ్చేది ఆ వయ్యారిభామే.

ఈ విషయం మీద మనవాళ్లు రాసేది రెండు రకాలు. ఒకటి భజన: ఫలానా హీరో ఇన్ని మొక్కలు నాటాడు, ఫలానా హీరోయిన్ ప్లాస్టిక్ మానేసింది. రెండోది ఎకసెక్కం: విమానాల్లో తిరిగేవాళ్లు మనకి నీతులు చెబుతారా అని. రెండింటిలోనూ అసలు ప్రశ్న తప్పిపోతుంది. పేరున్న మనిషి నోరు విప్పినందువల్ల నేల మీద ఏం మారింది? మారితే ఎందుకు మారింది, మారకపోతే ఏం లోపించింది? గత యాభై, అరవై ఏళ్ల ఉదాహరణలు కొన్ని వరసపెట్టి చూస్తే సమాధానం కొంత దొరుకుతుంది.

మొక్కల సంగతితోనే మొదలుపెడదాం, మన దగ్గర పర్యావరణం అంటే మొక్కే కాబట్టి. ఈ ఆచారానికి ప్రభుత్వ ముద్ర పడింది 1950లో. అప్పటి కేంద్ర ఆహార, వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ వనమహోత్సవాన్ని ప్రారంభించారు. మున్షీ మన హైదరాబాద్‌కి కొత్తవాడేం కాదు. పోలీసు చర్యకు ముందు ఇక్కడ భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్‌గా ఉన్నారు, అంతకు మించి పేరున్న గుజరాతీ నవలాకారుడు. పెద్దవాళ్లు గుంతలో మొక్క పెడుతున్న ఫొటోలు అప్పటినుంచీ ఏటా పేపర్లలో వస్తూనే ఉన్నాయి.

తెలంగాణలో 2015లో హరితహారం మొదలైంది. 230 కోట్ల మొక్కలు, 24 శాతం పచ్చదనాన్ని 33 శాతానికి తేవడం లక్ష్యం. దానికి తోడుగా 2018లో అప్పటి రాజ్యసభ సభ్యుడు జోగినపల్లి సంతోష్ కుమార్ గ్రీన్ ఇండియా ఛాలెంజ్ తెచ్చారు. నువ్వు మూడు మొక్కలు నాటు, మరో ముగ్గురిని నాటమను. ఈ గొలుసు తెలుగు సినిమా రంగం మొత్తాన్ని చుట్టేసి ముంబై దాకా పోయింది. మొక్కలతో ఆగకుండా అడవి దత్తతలూ వచ్చాయి. 2020 సెప్టెంబరులో ప్రభాస్ దుండిగల్ దగ్గర ఖాజీపల్లి రిజర్వు ఫారెస్టు 1,650 ఎకరాలకు రూ. 2 కోట్లు ఇచ్చారు. 2022లో నాగార్జున చెంగిచెర్లలో 1,080 ఎకరాలు దత్తత తీసుకుని, తండ్రి అక్కినేని నాగేశ్వరరావు పేరిట అర్బన్ పార్కుకు ముందుకొచ్చారు. దత్తతలో ఒక మంచి ఉంది. నగరం మింగడానికి సిద్ధంగా ఉన్న శివారు అడవికి కంచె పడుతుంది, దానికో పేరూ వస్తుంది. పేరున్న భూమిని కబ్జా చేయడం కాస్త కష్టం. ఇబ్బందీ ఉంది. రిజర్వు ఫారెస్టు ఎలాగూ ప్రభుత్వ అడవే, దాన్ని కాపాడడం అటవీ శాఖ పనే. వాకింగ్ ట్రాక్, వ్యూ పాయింట్ ఉన్న పార్కు, నక్కా కుందేలూ ఉండే పొదలడవి ఒకటి కావు.

ఏ మొక్క నాటారన్నది ఇంకో పేచీ. హరితహారంలో రోడ్ల డివైడర్ల మీద, కాలేజీల గోడల వెంట కోనోకార్పస్ విరివిగా పెట్టారు. తొందరగా పెరుగుతుంది, పశువు ముట్టదు, ఫొటోలో పచ్చగా పడుతుంది. తర్వాత దాని పుప్పొడితో ఎలర్జీలనీ, వేళ్లు పైపులైన్లలోకి పోతున్నాయనీ గోల మొదలై, ఆ మొక్క పెంచొద్దని తెలంగాణ ప్రభుత్వమే ఆదేశాలిచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కూడా ఇది వద్దు, మన నేలలో పుట్టిన చెట్లే నాటండని చెప్పారు. పశువు ముట్టని చెట్టు మీద పిట్ట కూడా వాలదన్న సంగతి నాటే ముందు ఏ గొర్రెల కాపరిని అడిగినా చెప్పేవాడు.

సినిమా తారలెవరూ చెప్పని గొప్ప మాట ఒకటి ఈ వ్యవహారంలో చట్టంలో ఉంది. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 ప్రకారం ఊళ్లో నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, ఆ బాధ్యత సర్పంచ్‌దీ పంచాయతీ కార్యదర్శిదీ. తర్వాత ఊరూరికీ ట్రాక్టరు, ట్యాంకరు ఇచ్చారు. అమలు ఎలా ఉందన్నది ఊరికో తీరు. కానీ ఆలోచన సరైనది: నాటడాన్ని కాదు, బతకడాన్ని లెక్కపెట్టాలి.

కెన్యాలో వంగారి మాతాయ్ ఈ సంగతి 1977లోనే పట్టుకున్నారు. గ్రీన్ బెల్ట్ ఉద్యమంలో పల్లె ఆడవాళ్లకు నాటిన ప్రతి మొక్కకూ డబ్బులివ్వలేదు. బతికిన మొక్కకు కొంచెం సొమ్ము ఇచ్చారు. చిల్లర డబ్బులే, కానీ అది మొక్కను బిడ్డలా చూసుకునేట్టు చేసింది. అక్కడితో ఆగి ఉంటే మాతాయ్ మంచి సంఘ సేవకురాలిగా మిగిలిపోయేవారు. 1989లో నైరోబీ నడిబొడ్డున ఉహురు పార్కులో అధికార పార్టీ 60 అంతస్తుల భవనం కట్టబోతే ఆమె ఎదురు తిరిగారు. అధికారం ఆమెను పిచ్చిదన్నది, నోటికొచ్చినట్టు తిట్టింది. పరువు పోతుందని విదేశీ పెట్టుబడిదారులు వెనక్కి తగ్గారు. భవనం లేవలేదు, పార్కు ఉంది. 2004లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. మొక్క నాటే మనిషి ఏదో ఒక రోజు ఆ మొక్కను పీకేవాడి ఎదుట నిలబడక తప్పదు. మన సెలబ్రిటీ పర్యావరణం సాధారణంగా ఆ రోజు దాకా వెళ్లదు.

ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి దరిపల్లి రామయ్య దారి వేరు. ఆయన మొదట పేరున్న మనిషి కాదు. చెట్లే ఆయనకు పేరు తెచ్చాయి, ఇంటిపేరు పోయి 'వనజీవి' అయ్యాడు. సైకిలు, జేబుల్లో విత్తనాలు, మెడలో 'వృక్షో రక్షతి రక్షితః' అని రాసిన బోర్డు. చూసినవాళ్లు మొదట్లో నవ్వారు. రోడ్ల పక్కన, కాలవగట్ల మీద, బడి ఆవరణల్లో ఆయనా భార్య జానమ్మా కలిసి వేసిన మొక్కలు కోటికి పైనే అంటారు. లెక్కపెట్టినవాళ్లు లేరు, లెక్కపెట్టాల్సిన పనీ లేదు. ఆ గట్ల మీద నడిచినవాడికి నీడ ఉంది. 2017లో పద్మశ్రీ వచ్చింది. పద్మశ్రీ వచ్చాక కూడా మెడలో బోర్డు తియ్యలేదు. ఒకసారి బండి గుద్దితే గాయాలయ్యాయి. గుద్దిన కుర్రాడి మీద కేసు వద్దు, వాడి చేత వంద మొక్కలు నాటించండి అన్నాడట. 2025 ఏప్రిల్ 12న పోయాడు. ప్రధానమంత్రి నుంచి సినిమా వాళ్ల దాకా అందరూ సంతాపం చెప్పారు. ఈ ఒక్క చోట వరస తలకిందులైంది: పేరు మొక్క దగ్గరికి రాలేదు, మొక్కే పేరు దగ్గరికి తీసుకెళ్లింది. కర్ణాటకలో సాలుమరద తిమ్మక్క కథా ఇంతే. పిల్లల్లేని దంపతులు కుదూరు దారిలో 385 మర్రిచెట్లు పెంచారు, కడవలతో నీళ్లు మోసి మరీ. ఆమె 2025 నవంబరులో కన్నుమూసింది.

ఈ ఇద్దరికీ సినిమా నటులకూ మధ్యలో ఒకాయన ఉన్నాడు, తమిళ హాస్యనటుడు వివేక్. అబ్దుల్ కలాం అడిగారని కోటి మొక్కల పని నెత్తికెత్తుకున్నాడు. ఏడాదికోసారి ఫొటో దిగి ఊరుకోలేదు. కాలేజీ తర్వాత కాలేజీ తిరిగాడు, పదేళ్ల పైచిలుకు అదే పని. 2021 ఏప్రిల్‌లో చనిపోయేనాటికి 33 లక్షలు దాటాయని చెబుతారు. కోటిలో మూడోవంతు. కానీ ఆయన పోయినరోజు జనం దండలతో పాటు మొక్కలూ పట్టుకొచ్చారు. ఛాలెంజ్ గొలుసులో మూడో వ్యక్తి తర్వాత మొదటి వ్యక్తి పేరు మరిచిపోతాం. వివేక్ పేరు చెబితే తమిళులకి ఇప్పటికీ మొక్కే గుర్తొస్తుంది.

మొక్కల దగ్గర్నుంచి మాట దగ్గరికి వద్దాం. పేరున్నవాళ్లు చేతులతో కన్నా నోటితోనే ఎక్కువ చేయగలరు. 2019 నల్లమల సంగతి దీనికి మంచి పరీక్ష. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు ఆ ఏడాది మేలో అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా సరేనంది. అడవిలో వేల కొద్దీ బోర్లు దింపాలన్న ప్రతిపాదన అది. చెంచులు, అమ్రాబాద్, పదర మండలాల రైతులు, హక్కుల సంఘాలు అప్పటికే రోడ్డెక్కాయి. బంద్‌లు జరిగాయి, అరెస్టులు జరిగాయి, నగరంలో పెద్దగా ఎవరికీ పట్టలేదు. సెప్టెంబరులో సమంత, విజయ్ దేవరకొండ, శేఖర్ కమ్ముల లాంటివాళ్లు 'సేవ్ నల్లమల' అన్నారు. పవన్ కల్యాణ్ అఖిలపక్షాన్ని కూర్చోబెట్టారు. ఒక్కసారిగా ఫోన్లన్నిటా నల్లమలే. అదే నెల 16న శాసనసభ యురేనియం వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది.

తారలు తలుచుకుంటే చాలదా అని ఇది చదివి అనుకోవచ్చు. నాకు అలా అనిపించదు. తలుపుని నెలల తరబడి నెట్టింది చెంచులు. చివర్లో భుజం ఆనించింది తారలు. ఆ చివరి తోపు లేకపోతే తలుపు ఎన్నాళ్లకు తెరుచుకునేదో చెప్పలేం కాబట్టి దాన్ని తీసిపారేయనూ కూడదు. కానీ కడప జిల్లా తుమ్మలపల్లి చూడండి. అక్కడ యురేనియం గని, శుద్ధి కర్మాగారం ఏళ్లుగా నడుస్తున్నాయి. వ్యర్థాల చెరువు వల్ల బోర్ల నీళ్లు చెడ్డాయనీ అరటి తోటలు దెబ్బతిన్నాయనీ చుట్టుపక్కల రైతులు ఎన్నో వినతిపత్రాలు ఇచ్చారు. ఏ తారా 'సేవ్ తుమ్మలపల్లి' అనలేదు. నల్లమలలో పులి ఉంది, జలపాతం ఉంది, పోస్టులో పెట్టడానికి బొమ్మ ఉంది. అరటి తోట రైతుకు బొమ్మ లేదు. సెలబ్రిటీ గొంతు వెళ్లేది అందం ఉన్న చోటికి, ఇంకా నష్టం జరగని చోటికి. జరిగిపోయిన నష్టం దగ్గర నిలబడడానికి అది ఇష్టపడదు.

కంచ గచ్చిబౌలి దగ్గర ఈ నమూనా కొంచెం మారింది. 2025 ఉగాది సెలవుల్లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకున్న 400 ఎకరాల్లో జేసీబీలు దిగాయి. భూమి తమదేనన్నది ప్రభుత్వ వాదన. రాత్రిపూట యంత్రాల రొదలో నెమళ్లు అరుస్తున్న వీడియోలు బయటికొచ్చాయి. మొదట అడ్డం పడింది విద్యార్థులు, పోలీసులు లాక్కెళ్లిందీ వాళ్లనే. సమంత, రష్మిక, నాగ్ అశ్విన్, ప్రియదర్శి, రేణు దేశాయ్ వంటివారు తర్వాత మాట్లాడారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టి చెట్ల నరికివేత ఆపించింది. ఇక్కడ కొత్త చిక్కొకటి వచ్చింది. అసలు ఫొటోల మధ్య కృత్రిమ మేధతో తయారైన జింకల బొమ్మలు కలిసిపోయాయి. వెనకాముందూ చూడకుండా వాటిని పంచినవాళ్ల వల్ల, నరికిన చెట్ల మీద నడవాల్సిన చర్చ కొన్నాళ్లు బొమ్మల నిజానిజాల మీద నడిచింది. లక్షల మంది వెంటపడే ఖాతా ఉన్నవాళ్లు, పంచే ముందు ఆ చోటు ఒక్కసారి కళ్లతో చూసి రావడం పెద్ద పనేం కాదు. గచ్చిబౌలి నుంచి జూబ్లీహిల్స్ ఎంత దూరమని?

మాటకు ధర ఉంటుంది. ఆ ధర చెల్లించినవాళ్లు తక్కువ. 2006 ఏప్రిల్‌లో ఆమిర్ ఖాన్ నర్మదా నిర్వాసితుల దీక్షా శిబిరానికి వెళ్లి, ఇళ్లు పోయినవాళ్లకు పునరావాసం చూపండని మాత్రమే అన్నాడు. ఆనకట్ట వద్దని కూడా అనలేదు. మే నెలలో వచ్చిన 'ఫనా' గుజరాత్ థియేటర్లలో ఆడలేదు. క్షమాపణ చెప్పమన్నారు, చెప్పలేదు. అదే నర్మద మీద 1999లో వ్యాసం రాసిన అరుంధతీ రాయ్ తర్వాత కోర్టు ధిక్కారం కేసులో 2002లో ఒక రోజు తీహార్ జైల్లో ఉండి, రెండు వేల రూపాయల జరిమానా కట్టారు. హిమాలయాల్లో చిప్కో ఉద్యమం తీసుకుంటే, 1974 మార్చి 26న రేణి గ్రామంలో మగవాళ్లు ఊళ్లో లేని రోజు చూసి కాంట్రాక్టరు మనుషులొస్తే, గౌరాదేవి వెంట వెళ్లిన ఆడవాళ్లు చెట్లను వాటేసుకున్నారు. ప్రపంచానికి తెలిసిన పేరు మాత్రం సుందర్‌లాల్ బహుగుణది. ఆయన గొప్పవాడే, ఎన్నో దీక్షలు చేశాడు. అయినా పేరు ఎప్పుడూ మాట్లాడేవాడికే దక్కుతుంది. వాటేసుకున్నవాళ్లకు కాదు.

వద్దనడం కూడా ఒక రకం చేతే. పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచినప్పుడు కూల్‌డ్రింకు కంపెనీ ప్రకటన వెతుక్కుంటూ వస్తే కాదన్నాడు. తాను తాగనిది పిల్లల్ని తాగమనలేనన్నది ఆయన కారణం. అది పర్యావరణం కాదు, ఆరోగ్యం. ఇక్కడ ఎందుకు తెచ్చానంటే, నీళ్లు ఆదా చెయ్యండని ప్రకటనలో చెప్పి, తర్వాతి ప్రకటనలో భూగర్భ జలం తోడే సీసా నీళ్లు అమ్మే తారలు మనకు కరువేం కాదు. గోపీచంద్‌కి అప్పుడు డబ్బు అవసరం లేక కాదన్నాడనుకోవడానికి వీల్లేదు. క్రికెటర్ కాని ఆటగాడికి ఆ రోజుల్లో అలాంటి అవకాశం మళ్లీ వస్తుందన్న భరోసా లేదు. క్రికెట్ సంగతంటారా, 2023 ఐపీఎల్ ప్లేఆఫ్స్‌లో డాట్ బాల్‌కు 500 మొక్కలన్నారు. పరుగు రాని బంతికి చెట్టు గుర్తు. వినడానికి బాగుంది, ఆ మొక్కలకు నీళ్లు పోసేవాడు స్కోర్‌బోర్డులో కనపడడు.

ఆమిర్ మళ్లీ ఇంకో రకంగా వచ్చాడు. 2016లో కిరణ్ రావు, సత్యజిత్ భట్కల్‌తో కలిసి మహారాష్ట్ర కరువు ప్రాంతాల్లో పానీ ఫౌండేషన్ పెట్టాడు. ఊళ్ల మధ్య 'వాటర్ కప్' పోటీ. ముందు ఊరివాళ్లకు శిక్షణ, తర్వాత ఎండాకాలంలో 45 రోజుల శ్రమదానం: కందకాలు, చెక్‌డ్యాములు, చెరువు పూడికలు. మొదటి ఏడాది 116 ఊళ్లు, రెండేళ్లు తిరిగేసరికి వేలల్లో. స్టార్ పని ఏమిటంటే కెమెరాని తెచ్చి ఊరి వైపు తిప్పడం, తాను పక్కకు తప్పుకోవడం. గెలిచిన ఊరి ఆడవాళ్లు వేదిక మీద మాట్లాడుతుంటే ఈయన కింద కూర్చున్నాడు. నా ఉద్దేశంలో నటులు చేసిన పనుల్లో ఇది అన్నింటికన్నా తెలివైనది. దీనికీ లోపం ఉంది. నీటి ఎద్దడి మీద పనిచేసే నిపుణులు కొందరు చెప్పినట్టు, పోటీ తొందరలో జేసీబీలతో లోతుగా తవ్వడం ఎక్కువైంది. నీళ్లు పట్టడం నేర్పారు కానీ ఆ నీళ్లతో చెరకు వెయ్యొద్దని చెప్పడం అంత సులువు కాలేదు. చెరకు వద్దంటే చక్కెర ఫ్యాక్టరీలతో పేచీ. కందకం తవ్వడానికి ఎవరితోనూ పేచీ లేదు. మళ్లీ అదే గీత: ఎవరితోనూ పేచీ రానంతవరకే.

ఆ గీత దాటాలంటే అధికారం కావాలి. నటుడు పాలకుడైతే ఏమవుతుందో చూపించింది ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్. హమ్మర్ అనే సైనిక వాహనాన్ని అమెరికా రోడ్ల మీదకి దింపించిన పాపం కొంత ఆయనదే. అలాంటి మనిషి కాలిఫోర్నియా గవర్నరుగా 2006లో ఒక చట్టం మీద సంతకం పెట్టాడు: 2020 నాటికి రాష్ట్ర ఉద్గారాలు 1990 స్థాయికి దిగాలి. రాష్ట్రం ఆ స్థాయికి 2016లోనే చేరింది. ఆయన ఎన్ని కార్లు నడిపాడన్నది దీని ముందు చిన్న విషయం. అందుకే పర్యావరణం గురించి మాట్లాడుతూ ప్రైవేటు విమానం ఎక్కాడు కదా అని హాలీవుడ్ నటుడు డికాప్రియోని తిట్టేవాళ్లతో నేను పూర్తిగా ఏకీభవించను. ఆయన వాడిన ఇంధనం కంటే ఆయన మాట ఏ చట్టాన్నైనా కదిల్చిందా అని అడగడం మేలు.

మన దేశంలో అలా చూస్తే ఇందిరా గాంధీకి చోటివ్వక తప్పదు. 1972 స్టాక్‌హోం పర్యావరణ సదస్సుకు ఆతిథ్య దేశపు ప్రధాని కాక వెళ్లిన ప్రభుత్వాధినేత ఆమె ఒక్కరే. ఆ ఏడాదే వన్యప్రాణి చట్టం, మరుసటి ఏడాది ప్రాజెక్ట్ టైగర్, 1980లో అటవీ సంరక్షణ చట్టం. కేరళ సైలెంట్ వ్యాలీలో కవయిత్రి సుగతకుమారి వంటివారు మొదలెట్టిన గొడవను ప్రాజెక్టు ఆపేదాకా తీసుకెళ్లిందీ ఆమే. 1984లో ఆ లోయ జాతీయ పార్కు అయింది. ఒక వింత: అడవుల్నీ వన్యప్రాణుల్నీ కాపాడడం పౌరుల విధి అన్న మాట రాజ్యాంగంలోకి వచ్చింది 42వ సవరణతో, 1976లో, అంటే ఎమర్జెన్సీలో. పౌరుల నోళ్లు మూసిన చేతే ఆ వాక్యం రాసింది.

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో అడవులూ పర్యావరణమూ ఒక సినిమా హీరో చేతిలోనే ఉన్నాయి. పవన్ కల్యాణ్ 2024 ఆగస్టులో, అడవి ఏనుగుల్ని తరిమే శిక్షణ పొందిన కుంకీ ఏనుగుల కోసం బెంగళూరు వెళ్లినప్పుడు, ఒకప్పుడు హీరో అడవిని కాపాడేవాడు, ఇప్పుడు అదే అడవిని నరికే స్మగ్లరు హీరో అయ్యాడన్నారు. ఆయన గుర్తుచేసింది రాజ్‌కుమార్ 1973 కన్నడ చిత్రం 'గంధద గుడి'. మనకు 1977లో 'అడవి రాముడు' వచ్చింది. అందులో ఎన్టీఆర్ అటవీ అధికారి. 2021లో 'పుష్ప' వచ్చింది. శేషాచలం ఎర్రచందనం మన తూర్పు కనుమల్లో తప్ప ప్రపంచంలో ఎక్కడా సహజంగా పెరగదు. దాన్ని నరికేవాడి నడకను పిల్లలు స్కూల్ డేలో అనుకరించారు. సినిమా వల్లే దొంగలు పుడతారని నేననను, ఎర్రచందనం దొంగలు ఆ సినిమా కన్నా చాలా ముందే ఉన్నారు. ఆ మాట అన్న మంత్రి దగ్గర ఇప్పుడు శాఖ ఉంది, సిబ్బంది ఉంది. 2025 మేలో కర్ణాటక నుంచి నాలుగు కుంకీలు వచ్చాయి. చిత్తూరు, పార్వతీపురం మన్యం రైతులకు కావాల్సింది ఆ నాలుగు ఏనుగులు పంటకాలంలో పొలం గట్టు దాకా రావడం. ఆయన్ని కొలవాల్సింది ప్రసంగంతో కాదు, ఆ గట్టుతో.

కీర్తి లేని ప్రముఖులు ఇద్దరి గురించి చెప్పకపోతే ఈ లెక్క పూర్తికాదు. ఈ.ఏ.ఎస్. శర్మ కేంద్రంలో విద్యుత్ కార్యదర్శిగా, ఆర్థిక వ్యవహారాల కార్యదర్శిగా పనిచేశారు. థర్మల్ ప్లాంటు లెక్క ఎలా వేస్తారో, ఫైల్లో ఏది దాస్తారో లోపలినుంచి తెలిసిన మనిషి. ఉద్యోగం వదిలి విశాఖలో కూర్చుని ఉత్తరాలు రాస్తారు, ఇప్పటికీ రాస్తూనే ఉన్నారు. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల భూముల్లో థర్మల్ ప్లాంటుకు వ్యతిరేకంగా రైతులు, మత్స్యకారులు లేచినప్పుడు ఆయన వాళ్ల పక్కన నిలిచారు. పనికిరాని బంజరని కాగితాల్లో రాసిన చోటు నీళ్లూ చేపలూ పక్షులూ ఉన్న చిత్తడి నేల అని పదేపదే చెప్పారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ప్లాంటు అనుమతి అదే రోజు రద్దయింది. బీల ఇప్పటికీ బీలే. శర్మ పేరు మీద అభిమాన సంఘం లేదు.

రెండో ఆయన పి.వి. సతీష్. దూరదర్శన్‌లో కార్యక్రమాలు తీసిన మనిషి, అంటే ప్రచారం ఎలా చేయాలో చేతి వేళ్లకు తెలిసినవాడు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ నడిపాడు. కెమెరాని తన వైపు తిప్పుకోలేదు. చదువురాని దళిత మహిళల చేతికిచ్చి వాళ్ల జొన్న, సజ్జ, కొర్ర చేలను వాళ్లనే తీయమన్నాడు. మాచనూరులో 2008లో పెట్టిన సంఘం రేడియోలో మాట్లాడింది వాళ్లే. సంక్రాంతి వేళ ఊరూరా ఎడ్లబండ్ల మీద విత్తనాల జాతర వాళ్లదే. 2019లో ఈ మహిళల సంఘాలకు ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరం చేసుకుంటున్న 2023 మార్చిలో సతీష్ పోయాడు. ఆ ఏడాది టీవీల్లో చిరుధాన్యాల గురించి చెప్పినవాళ్లలో ఎంతమందికి ఆయన పేరు తెలుసో మరి.

ఇంక ఫ్లెక్సీల సంగతి. మొక్కల ఛాలెంజ్ చేసిన హీరోలందరి పుట్టినరోజులకూ ఊరూరా నలభై అడుగుల ఫ్లెక్సీలు లేస్తాయి. 2020లో చిత్తూరు జిల్లాలో ఒక హీరో పుట్టినరోజు ఫ్లెక్సీ కడుతూ ముగ్గురు కుర్రాళ్లు కరెంటు తగిలి చనిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో ఫ్లెక్సీల నిషేధం ప్రకటించారు, తేదీ వాయిదా పడింది, ఫ్లెక్సీలు మాత్రం ఆగలేదు. గడువు తీరిన ఆ బట్టలో సగం కల్లాల మీద పరదాగా, పాకల మీద కప్పుగా కొన్నాళ్లు ఉపయోగపడుతుంది, తర్వాత చెరువులో తేలుతుంది. ప్రభుత్వం ఆపలేకపోయిన ఈ ఒక్క పనిని హీరో ఆపగలడు. "నా సినిమాకి ఫ్లెక్సీ కడితే నేను ఆ ఊరు రాను" అని ఒక్క మాట అంటే చాలు, ఖర్చు లేదు, చట్టం అక్కర్లేదు. ఇది ఇంకెవరూ చేయలేని పని, వాళ్లకే సాధ్యమైన పని. అనడానికి ఏం అడ్డమో వాళ్లే చెప్పాలి.

పత్రికల్లో ఉన్న మా బాధ్యతా లేకపోలేదు. ప్రతి జూన్ 5న మొదటి పేజీలో ఎవరో ఒక ప్రముఖుడు మొక్క నాటుతున్న ఫొటో వేస్తాం. వచ్చే జూన్ 5న ఆ ఫొటో వెయ్యొద్దని సంపాదకులకు నా మనవి. పోయినేడాది వేసిన ఫొటో తీసుకుని, రోహిణి కార్తె ఎండలో అదే ఫొటోగ్రాఫర్‌ని అదే చోటికి పంపించండి. అక్కడ ఏముంటే అది వెయ్యండి. పక్కన నీళ్లు పోసిన మనిషి ఉంటే, పేరు అడిగి రాయండి.